మూఢానికీ కర్ఫ్యూకీ మధ్య మేళం

పొన్నూరులో స్వామి పేరు సాక్షి భావనారాయణుడు. ఒక పెళ్లి మాట దగ్గర పెద్దమనిషి నాలిక మడతేస్తే ఆయనే వచ్చి సాక్ష్యం చెప్పాడని స్థలపురాణం. అలాంటి ఊళ్లో మేళం లేని పెళ్లి మా చిన్నతనంలో ఊహకందేది కాదు. అగ్ని ఒక సాక్షి అయితే సన్నాయి రెండోది, వీధి చివరిదాకా వినిపించేది. 2020 శ్రావణంలో మా బంధువులింటి పెళ్లికి ఆ రెండో సాక్షి రాలేదు. తాళి కట్టే వేళకి పెళ్లికూతురి తమ్ముడు సెల్‌ఫోన్‌లో గట్టిమేళం నొక్కాడు. ముందు ఏదో సబ్బు ప్రకటన వచ్చింది.

కరోనా తర్వాత కచేరీలు మళ్లీ ఎలా మొదలయ్యాయన్న చరిత్రంతా సభల చుట్టూనే తిరుగుతుంది. 2020 డిసెంబరులో మద్రాసు సీజను ఆన్‌లైన్‌కి మారిందనీ, 2021 ఫిబ్రవరిలో తిరువయ్యారు ఆరాధన కుదించి జరిపారనీ చెప్పుకుంటాం. పెళ్లిపందిరే వేదికైన మేళగాళ్ల సంగతి ఆ లెక్కలోకి రాదు. వాళ్ల వేదిక తెరవాలంటే ప్రభుత్వం ఒక్కటీ ఒప్పుకుంటే చాలదు, పంచాంగం కూడా ఒప్పుకోవాలి.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నాదస్వరం చాలామటుకు ముస్లిం కుటుంబాల విద్య. గుడిలో సుప్రభాతానికీ, ఊరేగింపుకీ, పెళ్లికీ తరతరాలుగా వాళ్లే ఊదారు. చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్నవాడే షేక్ చినమౌలానా. ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయ్యాడు. అరవదేశం తన సొత్తనుకునే వాద్యంలో మిరప, పత్తి చేలవైపు నుంచి వెళ్లినవాడు ఆ పీఠం ఎక్కడం చిన్న విషయమేం కాదు. అయితే అలా శ్రీరంగం చేరేది ఏ ఒక్కరో. మిగతావాళ్లకి బతుకు ముహూర్తాల మీదే. చేతికి పంట డబ్బులొచ్చే మాఘం నుంచి జ్యేష్ఠం దాకా సంపాదించిందే ఏడాదికి సరిపెట్టుకోవాలి.

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజూ అదే. ఆ వేసవి ముహూర్తాలన్నీ పోయాయి. పెళ్లికి యాభైమందే అన్నారు కాబట్టి తలలు లెక్కపెట్టడం మొదలైంది. పురోహితుణ్ణి తీసెయ్యలేరు, మేనమామని అసలే తీసెయ్యలేరు. సన్నాయిలు, డోళ్లు, తాళం, శ్రుతి కలిపి ఐదారుగురు తేలిగ్గా ఎగిరిపోయారు. జూన్ 8న గుళ్లు తెరిచారు. ఆస్థాన విద్వాంసులకి అది ఊరట, పెళ్లిమేళాలకి కాదు. వెంటనే ఆషాఢం. శ్రావణంలో జబ్బు జోరు మీదుంది. భాద్రపదం తర్వాత ఆశ్వయుజం, ఆ ఏడు అది అధికమాసం. పెళ్లిళ్లు కాస్త తెరిపిన పడింది కార్తీకం వచ్చాకే.

హమ్మయ్య అనుకునేలోపు 2021 సంక్రాంతికి గురుమూఢం, అది దిగగానే శుక్రమూఢం, మే మొదటివారం దాకా. మూఢం వదిలే వేళకి, మే 5 నుంచి, రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. మనవాళ్ల ముహూర్తాలేమో సగం అర్ధరాత్రివే! అలా ఆకాశంలో గ్రహాలు ఒకవైపు, రెండో వేవ్ ఇంకోవైపు తలుపులేశాయి. ఆగస్టు 9న శ్రావణం వచ్చేసరికి ఉగాది నుంచి లెక్కేస్తే పదహారు నెలలు దాటింది.

వయొలిన్ మాస్కు పెట్టుకుని వాయించొచ్చు. సన్నాయికి ఆ వీల్లేదు, అది ఊపిరితోనే పలకాలి. పైగా పీక ఉంది. మేళగాళ్లు సీవాళి అనే ఆ రెల్లుముక్కని తడిపి, ఊది, మళ్లీ తడిపి దారికి తెచ్చుకుంటారు. వాడకపోతే బిగుసుకుపోతుంది. పెదవి పట్టూ అంతే. ఇంట్లో సాధన చేద్దామంటే అది పక్కవీధి దాకా మోగే వాద్యం, అప్పుడేమో ఇంటింటా జ్వరాలు. పెళ్లిలో గట్టిమేళం మోగించేదే తుమ్ము లాంటి అపశకునం ఎవరి చెవినా పడకూడదని. తుమ్ముకి ఊరంతా హడలిపోయిన ఏడాదిలో ఆ మేళమే లేకపోయింది.

చినమౌలానా శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకి 2020 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. చేతికందింది 2021 నవంబరు 8న. ఆ రోజు నాగులచవితి. రాష్ట్రపతి భవన్‌లో జరగాల్సిన సభ కూడా పెళ్లిళ్లలాగే వాయిదా పడిందన్నమాట.

ఆ కార్తీకంలోనే పొన్నూరులో అదే బంధువులింట రెండో అమ్మాయి పెళ్లి. 2020 వేసవిలో అనుకున్న పెద్దమ్మాయి పెళ్లికి ఇచ్చిన బయానా మేళగాడి దగ్గరే ఉండిపోయింది. పెళ్లి శ్రావణానికి జరిగినప్పుడు వద్దన్నది మావాళ్లే, కాబట్టి తిరిగి అడగలేదు. ఇవ్వడానికి ఆయన దగ్గరా లేదు. ఈసారి ఐదుగురి బదులు ముగ్గురొచ్చారు. ఒక డోలు కుర్రాడు ఆటో నడుపుకోవడానికి వెళ్లిపోయాడట. పురోహితుడు చెయ్యెత్తగానే గట్టిమేళం అందుకున్నారు, ఏ ప్రకటనా లేకుండా. మొదట రెండు గుక్కలు చీలాయి, తర్వాత సర్దుకుంది. భోజనాలయ్యాక లెక్క చూసేటప్పుడు, ఇవ్వాల్సిన దాంట్లోంచి ఆ పాత బయానా ఆయనే తగ్గించుకుని చెప్పాడు.