పుట్టింటి గొప్ప చెప్పిన చెరువు

కొంత చరిత్రని సైకిలు మీద వెళ్లే చూడాలి. కారులో వెళ్తుంటే అద్దంలోంచి నీళ్లు తళుక్కుమంటాయి. "ఏదో చెరువు" అనుకునేలోగానే దాటిపోతాం. అదే సైకిలు మీదయితే, కట్ట ఎక్కేటప్పుడు పిక్కలు చెప్తాయి, ఎనిమిది వందల ఏళ్లనాడు మనుషులు తట్టలతో మోసిపోసిన ఆ మట్టి ఎంత ఎత్తో!

జనగామ దగ్గర్నుంచి మహబూబాబాదు మీదుగా భూపాలపల్లి దాకా ఇలాంటి కట్టలు ఎన్నో. అంతా కాకతీయుల నాటి నీళ్లు. మాఘమాసం చివర, ఎండలు ముదరకముందే, మా అక్క కూతుర్ని జత చేసుకుని ఆ దారిన బయలుదేరాను. "చిన్నమ్మా, నీకు ఓపిక వుందా?" అని అది నవ్వింది. వరసగా తొక్కితే మూడు రోజుల పని. ఒక్కరోజే తీరిక వున్నవాళ్లు బయ్యారంలో తెల్లవారుజామున బయలుదేరి గూడూరు అడవిదారి పడితే, పొద్దు వాలేసరికి పాకాల చేరుకోవచ్చు.

జనగామ వైపు పాలకుర్తి, బమ్మెర పక్కపక్క వూళ్లే. ఒకటి సోమనాథుడిది, ఒకటి పోతన్నది. పోతన్న నాగలి పట్టి బతికాడని చెప్పుకుంటాం. మరి ఈ మెరక నేలలో సేద్యమంటే చెరువు వుండాల్సిందే. పెద్ద నదులు దూరంగా ఎక్కడో పారతాయి. వానాకాలంలో పడ్డ నీటిని వాలులో ఆపుకోవటం ఒక్కటే దారి. రెండు గుట్టల మధ్య కట్ట పోసి, పొలాలకి వదలటానికి తూము పెట్టి, నిండితే పొర్లిపోవటానికి మత్తడి కట్టేవాళ్లు. ఒక చెరువు మత్తడి దుమికితే ఆ నీళ్లు కింది చెరువుకి చేరతాయి. పై ఇంట్లో గిన్నె నిండితే కింది ఇంటికి పంచిపెట్టినట్టన్నమాట.

మహబూబాబాదు దాటి బయ్యారం వెళ్లే దారిలో లంబాడా తండాలు, కళ్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. ఆ ఘాటుకి తుమ్ముకుంటూ బయ్యారం పెద్దచెరువు చేరాం. ఇది కట్టించింది రాజు కాదు, మంత్రీ కాదు. మైలాంబ అనే ఆడబిడ్డ. గణపతిదేవ చక్రవర్తికి తోబుట్టువు. రుద్రమదేవికి మేనత్త. మేనకోడలి పేరు పిల్లల పాఠాల్లో వుంది. మేనత్త పేరు మనలో ఎంతమంది విన్నాం?

చెరువుకి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టి, మైలాంబ అక్కడ శాసనం వేయించింది. దాన్లో తన పుట్టింటివాళ్ల వంశమంతా చెప్పించింది. దుర్జయ వంశంలో వెన్నడు అనే మూలపురుషుడు కాకతి అనే చోటు నుంచి ఏలాడనీ, అందుకే తర్వాతివాళ్లు కాకతీశులయ్యారనీ చెప్పింది. ఆ తర్వాత ముగ్గురు గుండరాజులు, వాళ్లు ముగ్గురు రాములంతటివాళ్లట. ఆపైన ఎర్రడు, పిండి గుండడు, బేతరాజు... ఇలా తన తరం దాకా. కాకతీయుల తొలి పురుషుల వరస తెలుసుకోవటానికి చరిత్రకారులకి దొరికిన ముఖ్యమైన ఆధారాల్లో ఇదొకటి.

ఆడవాళ్లు పుట్టింటి గొప్ప చెప్పుకుంటారని మనల్ని ఎంతమంది వెక్కిరించలేదు! "మీ పుట్టింట్లో ఏనుగులు ఈనాయా?" అని అత్తగార్లు, ఆడబిడ్డలు సాగదీసేవాళ్లు కాదూ? ఇదిగో, ఒక ఆడపడుచు పుట్టింటి గొప్ప రాతిమీద చెక్కించబట్టే ఒక సామ్రాజ్యం పూర్వీకుల పేర్లు మనదాకా వచ్చాయి.

ఆ గొప్ప వెనక ఇంకో సంగతీ వుంది. మైలాంబ తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో చనిపోయాడు. అన్నదమ్ముడు గణపతిదేవుడు శత్రువుల చెరలో పడ్డాడు. రేచర్ల రుద్రుడు రాజ్యాన్ని కాపాడుతూ రాగా, 1199లో గణపతిదేవుడు తిరిగివచ్చి సింహాసనం ఎక్కాడు. అంటే దాదాపు కూలిపోయి మళ్లీ నిలబడ్డ పుట్టిల్లు ఆమెది. మైలాంబనీ, ఆమె తోబుట్టువు కుందాంబనీ నతవాడి రుద్రుడికిచ్చి పెళ్లి చేశారు. అత్తింటికి వెళ్లిన పిల్ల తన తాతముత్తాతల పేర్లు ఒక్కటీ పోకుండా చెక్కించటంలో నాకు డాంబికం కనిపించదు. ఇంకోసారి చెదిరిపోతే ఎలా అన్న బెంగ కనిపిస్తుంది. తల్లి పేరు బయ్యమాంబ. బయ్యారం అని వూరి పేరు పలుకుతుంటే నాకు ఆ తల్లి పేరే వినిపించింది.

అక్కడినుంచి గూడూరు అడవి. టేకు, మద్ది, తునికి, ఇప్ప. ఆకు రాలిన కొమ్మలకి మోదుగుపూలు అంటించిన నిప్పులా వున్నాయి. వానాకాలంలో అయితే భీమునిపాదం జలపాతం చూడవచ్చు. అడవి దాటి, వరంగల్ జిల్లాలోకి అడుగు పెడితే పాకాల. గుట్టల మధ్య పరుచుకున్న ఆ నీటికి ఒక్కటే కట్ట! గణపతిదేవుని కాలంలో జగదాళ ముమ్మడి కట్టించాడు. ఇంకా ఉత్తరానికి వెళ్తే, 2019లో ఏర్పడ్డ ములుగు జిల్లాలో రామప్ప చెరువు. పక్కనే 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. అక్కడికి దగ్గర్లోనే, భూపాలపల్లి జిల్లా ఘనపురంలో కోటగుళ్లు, గణపసముద్రం.

రామప్ప గుడికి శిల్పి పేరు మిగిలింది. గణపసముద్రానికి రాజు పేరు మిగిలింది. ధర్మకీర్తి సముద్రం మాత్రం బయ్యారం పెద్దచెరువైపోయింది. మైలాంబ పేరు రాయి మీదే వుండిపోయింది. అయినా దాని నీళ్లతో ఇవాళ్టికీ వరి పండుతోంది. యాసంగి మడులు పచ్చగా కళ్లారా చూశాను.

బతుకమ్మ పండక్కి ఈ చుట్టుపక్కల వూళ్లలో చెరువు గట్లన్నీ ఆడవాళ్లతో నిండిపోతాయి. తంగేడు, గునుగు పేర్చుకుని పాడుతూ వస్తారు. వాళ్లలో ఆ నాలుగు రోజులకీ పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు ఎందరో. పూలు నీళ్లలో వదిలేటప్పుడు వాళ్లకెవరయినా మైలాంబ పేరు చెప్తే బావుండును. ఆమె కూడా వాళ్లలాంటి ఆడబిడ్డే కదా!