జపాను టర్బో కార్ల అమ్మకము

పాత వస్తువును అమ్మబోవునపుడు, దానికి మనము చేయించిన బాగును కూడ వెలలో కలుపుకొందుము. కొనువాడు అట్లు లెక్కింపడు. జపాను టర్బో కార్ల విషయమున ఈ తగవు మిక్కిలి చిత్రముగా నడచినది.

1989లో నిస్సాను సంస్థవారు స్కైలైన్ జీటీఆర్ అను కారును అమ్మకమునకు తెచ్చిరి. ఇంజను విడుచు పొగయే టర్బోలోని చక్రమును త్రిప్పును. ఆ బలమున గాలి అధికముగా సిలిండర్లలోనికి చొచ్చును. ఈ కారుకు అట్టి టర్బోలు రెండు. అయినను జపాను కంపెనీలు తమలో తాము చేసికొన్న ఒడంబడిక ననుసరించి 280 అశ్వశక్తికి మించి ప్రకటింపలేదు. ఆ కట్టుబాటు 2004 వరకు నిలిచినది. ఇంజనులో అంతకు హెచ్చు సత్తువ దాగియున్నదని గ్రహించిన యజమానులు పెద్ద టర్బోలు అమర్చుకొనిరి. విప్పిన భాగములను దాచినవారు దాచిరి, పారవేసినవారు పారవేసిరి.

అమెరికాలో 1988 నాటి శాసనము విదేశపు కార్ల దిగుమతిని కట్టడి చేసినది. 25 ఏండ్లు నిండినవాటికి మాత్రము భద్రతా నియమములనుండి మినహాయింపు కలదు. కనుక 2014లో ఈ స్కైలైనుకు ద్వారము తెరచుకొన్నది, ధరలు పైకెగసినవి. పొగకు సంబంధించిన నియమము వేరు: 21 ఏండ్లు దాటిన కారు మొదట తయారైన రీతినే ఉన్నచో దానికి మినహాయింపు.

మరి పెద్ద టర్బోలు పెట్టినవాని గతి యేమి? వేళకు నూనె మార్చి, తుప్పు తగులనీయక కాపాడిన కారైనను, పాత టర్బోలు ఏవని కొనువాడు అడుగును. ఇది కొంత అన్యాయమే యని మాకు తోచుచున్నది. ఆ కారు గుట్టు మార్చినవానికంటె మిన్నగా ఎవరెరుగుదురు? అయినను ఆ రెంటిని గుడ్డలో చుట్టి, రసీదులతో సహా పెట్టెలో ఉంచినవాడే తన వెల తాను చెప్పగలిగెను.