లోతు ఒకచోట, శీతలత మరొకచోట: కృష్ణ పదార్థ అన్వేషణకు కోలారు చరిత్ర చెప్పే పాఠం

1. ఉపోద్ఘాతం:

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు గ్రానైట్లు, గద్వాల శిలామేఖల, కర్ణాటకలోని కోలారు బంగారు మేఖల తూర్పు ధార్వార్ భూఖండానికి చెందినవే. ఈ రాతినేల లోతుల్లో సాగిన భౌతికశాస్త్ర పరిశోధనను, తేలికపాటి కృష్ణ పదార్థాన్ని వెదికే అతిశీతల శోధకాల అవసరాలతో కలిపి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. కోలారు లోతులు:

తెలుగు మాట్లాడేవారు గణనీయంగా ఉన్న కోలారు గనుల్లో, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, 1965లో వాతావరణ న్యూట్రినోల జాడ దొరికింది. టాటా మౌలిక పరిశోధన సంస్థ, ఒసాకా, డర్హమ్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు కలిసి చేసిన ప్రయోగమిది. ఆ పరిశోధన పత్ర రచయితలలో ఎం.జి.కె. మీనన్, పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం, బి.వి. శ్రీకంఠన్ ఉన్నారు. విశ్వకిరణాలను పైనున్న రాయి అడ్డుకోవడం వల్లనే ఇది సాధ్యమైంది. 1980లలో అక్కడే ప్రోటాన్ క్షయం కోసం అన్వేషణ సాగింది. 2001లో గనులు మూతపడ్డాయి.

3. అతిశీతల శోధకాలు:

ప్రోటానంత ద్రవ్యరాశి గల కృష్ణ పదార్థ కణం జెర్మేనియం కేంద్రకాన్ని తాకితే, దానికి అందే శక్తి కొన్ని వందల ఎలక్ట్రాన్ వోల్టులకు మించదు. స్ఫటికాన్ని కొన్ని పదుల మిల్లీకెల్విన్ల వరకు చల్లబరిస్తే ఉష్ణచలనం దాదాపుగా అణగిపోతుంది. అప్పుడు ఆ తాకిడి పుట్టించే ప్రకంపనలను టంగ్‌స్టన్ అతివాహక పొరలు పసిగట్టగలవు. ఈ పద్ధతిని అనుసరించే సూపర్ సీడీఎంఎస్ ప్రయోగం అమెరికాలోని సూడాన్ ఇనుప గని నుంచి కెనడాలోని సడ్‌బరీ నికెల్ గనిలో 2 కిలోమీటర్ల లోతుకు చేరింది.

అయితే లోతు ఒక్కటే చాలదు. రాతిలోనే యురేనియం, థోరియం ఉంటాయి. నల్లగొండలోని లంబాపూర్–పెద్దగట్టు యురేనియం నిక్షేపాలే ఇందుకు దగ్గరి ఉదాహరణ. అందుకే శోధకం చుట్టూ సీసం, రాగి కవచాలు అవసరం.

4. ముగింపు:

ముంబైలోని టాటా సంస్థ తగరపు బోలోమీటరు కోసం 10 మిల్లీకెల్విన్ల లోపు శీతలతను సాధించింది. అయితే ఆ ప్రయోగశాల భూఉపరితలంపై ఉంది. జాదూగూడ యురేనియం గనిలో 2017లో ప్రారంభమైన ప్రయోగశాల లోతు 555 మీటర్లే. కోలారు లోతులో అది నాలుగో వంతు. కోలారు నాటికి మనకు లోతు ఉంది, ఈ శీతలత లేదు. శీతలత చేతికందేనాటికి ఆ లోతు లేదు. బంగారం గిట్టుబాటు కానినాడు గనితోపాటు ప్రయోగస్థలమూ చేజారింది. ఇటలీలో రహదారి సొరంగం పక్కన నెలకొన్న గ్రాన్ సాస్సో ప్రయోగశాలకు ఖనిజ ధరలతో పని లేదు. భూగర్భ ప్రయోగశాల మనుగడను గని ఆదాయానికి ముడిపెట్టరాదన్నదే కోలారు చరిత్ర నుంచి గ్రహించవలసిన పాఠం.