యంత్రవిద్యకు ఎన్నేళ్లు?

యంత్రవిద్య నేర్వడానికి ఎన్ని సంవత్సరాలు కావాలి? నాలుగు కావాలంటాయి విశ్వవిద్యాలయాలు. రెండు చాలునని వాదించి, ఆ వాదం నెగ్గకపోగా, తాను పూనుకొని నెలకొల్పిన కళాశాలనే విడిచిపెట్టిన ఒక తెలుగువాని చరిత్రను నేడు శ్రోతలకు మనవి చేయదలచాము.

గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపాన కలంగల్ గ్రామంలో, తమిళదేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించారు. బడిచదువు ఆయనకు రుచించలేదు. యౌవనంలో ఒక ఆంగ్లేయ ఉద్యోగి మోటారు సైకిలు ఆయన కంటబడింది. ఎద్దూ గుర్రమూ లేకుండా పరుగెత్తే ఆ బండి మర్మం తెలుసుకొనాలని పట్టుబట్టి, పట్టణం చేరి హోటలులో పనిచేసి, కూడబెట్టిన 300 రూపాయలతో ఆ బండినే కొన్నారు. కొన్న పిమ్మట దానిని విప్పారు, మరల బిగించారు. ఆయన చదివిన ఇంజనీరింగు కళాశాల అదే.

1920లో ఒక బస్సు సంపాదించి పొల్లాచి, పళని పట్టణాల మధ్య తామే నడిపారు. యూనివర్సల్ మోటార్ సర్వీసు అనే గొప్ప రవాణా సంస్థగా అది పెరిగింది. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి విద్యుత్తు మోటారు తయారుచేశారు. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని 1941లో ప్రకటించారు. ఇంట రేడియో గల శ్రోతలకు ఆ మాట విలువ మేము వేరుగా చెప్పనక్కరలేదు.

1945లో ఆయన విరాళంతో ఆర్థర్ హోప్ పేర సాంకేతిక కళాశాల వెలసింది. ఆర్థర్ హోప్ నాటి మద్రాసు గవర్నరు. నాయుడుగారే ప్రిన్సిపాలు. నాలుగేండ్ల చదువు విద్యార్థుల కాలాన్ని వృథా చేస్తుందనీ, రెండేండ్లలో అంతా నేర్పవచ్చుననీ ఆయన వాదించారు. ప్రభుత్వం అంగీకరించలేదు. ఆయన పదవిని త్యజించారు.

పట్టం పుచ్చుకొన్న మావంటివారికి ఈ వాదం కటువుగానే తోస్తుంది. వంతెన బరువును లెక్కగట్టే గణితం మోటారు విప్పినంత మాత్రాన రాదు. కాని మోటారు విప్పి చూడని చేతికి ఆ గణితం ఎంతవరకు పనికివస్తుంది? నాయుడుగారు వేసిన ప్రశ్న ఇదే. 1952లో 2,000 రూపాయల ధరకు రెండు సీట్ల చిన్న కారును రూపొందించినప్పుడు కూడ ఆయనకు ప్రభుత్వం నుండి అనుమతి లభించలేదు.

1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు. కళాశాల మరొక తావుకు తరలి ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. అవినాశి రోడ్డుమీద పాత తావును మాత్రం ప్రజలు నేటికీ హోప్ కాలేజీ అనే పిలుస్తున్నారు. ఆ రోడ్డుపై కట్టిన పదికిలోమీటర్ల పైవంతెనకు 2025లో నాయుడుగారి పేరు పెట్టారు. ఆ వంతెనను లెక్కగట్టినవారు నాలుగేండ్లు చదివినవారే కావచ్చు. దానిపై సాగే బండి చెడినప్పుడు విప్పి బాగుచేసే చేతులను మనం ఎక్కడ, ఎన్నేండ్లలో తయారుచేస్తున్నామన్నది నాయుడుగారు మనకు విడిచివెళ్లిన లెక్క.