జైలు గది నుంచి కాక్‌పిట్‌ దాకా

1990 మార్చి 8. నార్త్ డకోటా రాష్ట్రం, ఫార్గో విమానాశ్రయం. పూర్తిగా తెల్లవారకముందే నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ 650వ నంబరు విమానం మినియాపొలిస్‌కు బయల్దేరాలి. బోయింగ్ 727. లోపల 91 మంది ప్రయాణికులు. కాక్‌పిట్‌లో కెప్టెన్ లైల్ ప్రౌస్, ఫస్ట్ ఆఫీసర్ రాబర్ట్ కిర్చ్‌నర్, ఫ్లైట్ ఇంజనీర్ జోసెఫ్ బాల్జర్.

అంతకుముందు రాత్రి ఆ ముగ్గురూ నది అవతల ఉన్న మూర్‌హెడ్‌లో ఒక బార్‌లో కూర్చున్నారు. కెప్టెన్ ముందు రమ్ము, కోకాకోలా కలిపిన గ్లాసులు ఒకటి తర్వాత ఒకటి ఖాళీ అవుతూ డజను దాటాయి. తక్కిన ఇద్దరూ జగ్గులకు జగ్గులు బీరు తాగారు. అక్కడున్న వాళ్ళెవరో చూసి విమానయాన అధికారులకు ఫోన్ చేశారు. పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆరా తీశాడు. పైవాళ్ళను ఒక మాట అడుగుదామని అతను ఫోన్ దగ్గరికి వెళ్ళాడు. ఈలోగా విమానం లేచిపోయింది.

క్షేమంగానే దిగింది. దిగగానే ముగ్గురినీ పట్టుకున్నారు. రెండు గంటలు దాటాక తీసిన రక్తంలో కూడా కెప్టెన్‌కు ఆల్కహాల్ 0.13 శాతం ఉంది. పైలట్లకు నియమం విధించిన హద్దు 0.04.

ఎవరీ ప్రౌస్? 51 ఏళ్ళవాడు. అమెరికా మెరైన్లలో చేరి, వియత్నాం మీద యుద్ధ విమానాలు నడిపి, ఆ తర్వాత నార్త్‌వెస్ట్‌లో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసినవాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ తాగుడుకే బలైపోయారు. ఆ ఇంట్లో పెరిగిన పిల్లవాడు తాను మాత్రం అలా కాననుకునే పెద్దవాడయ్యాడు. యూనిఫాం మడత నలగకుండా డ్యూటీకి వచ్చేవాడు. ఉద్యోగం చేయగలుగుతున్నాను కనుక తాగుబోతును కానన్న లెక్క చాలామంది వేసుకునేదే. ఆ లెక్కే అతన్ని అన్నేళ్ళూ ఎవరి దగ్గరా నోరు విప్పనివ్వలేదు.

విచారణలో చిత్రమైన వాదన వినిపించింది. ప్రౌస్ మద్యానికి బానిస, అతని ఒంటికి అది అలవాటైపోయింది, కాబట్టి అంత తాగినా విమానం సరిగానే నడపగలిగాడన్నారు అతని తరఫు వారు. జ్యూరీ ఒప్పుకోలేదు. ఆగస్టులో ముగ్గురూ దోషులని తేలింది. కెప్టెన్‌కు 16 నెలలు, తక్కిన ఇద్దరికీ ఏడాది చొప్పున శిక్ష. లైసెన్సులు పోయాయి. కంపెనీ తీసేసింది. టీవీల్లో రాత్రి కార్యక్రమాలవాళ్ళకు వాళ్ళు నవ్వులాట సరుకయ్యారు.

తొంభై మంది ప్రాణాలతో ఆడుకున్నవాడికి శిక్ష పడాల్సిందే. ప్రౌస్ కూడా తర్వాత కాదనలేదు. నా బాధంతా వేరే. ఆ రాత్రికి పదహారేళ్ళ ముందు నుంచే, సరిగ్గా అతనిలాంటి పైలట్ల కోసమే ఒక ఏర్పాటు ఆ దేశంలో ఉంది. ఎవరైనా ముందే దానికి ఒక ఫోన్ చేసి ఉంటే?

దాని పుట్టుక వెనుక పెద్ద కథే ఉంది. 1940లలో డూపాంట్, ఈస్ట్‌మన్ కొడాక్ లాంటి పెద్ద ఫ్యాక్టరీలు తాగుడు మానలేని పనివాళ్ళను వదిలించుకోవడం మాని బాగుచేయించడం మొదలుపెట్టాయి. మందు మానేసిన పాత పనివాడే కొత్తవాడి పక్కన కూర్చుని మాట్లాడేవాడు. 1935లో ఒహాయో రాష్ట్రం ఏక్రన్‌లో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ పద్ధతి అదే. 1970 డిసెంబరు 31న అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో తాగుడు సమస్య మీద ఒక చట్టం వచ్చింది. దాన్ని నెత్తిన వేసుకుని నడిపించిన అయొవా సెనేటర్ హెరాల్డ్ హ్యూజ్ ఒకప్పటి లారీ డ్రైవరు, తాగి తాగి అంచుదాకా వెళ్ళి వెనక్కి వచ్చిన మనిషి. ఆ చట్టం వల్ల ఏర్పడిన సంస్థ 1972లో రాష్ట్రానికి ఇద్దరు చొప్పున వందమందికి శిక్షణ ఇచ్చి కంపెనీల మీదికి పంపింది. వాళ్ళు సూపర్‌వైజర్లకు నేర్పిన పాఠం తేలికైనదే కానీ చాలా తెలివైనది. ఎవడి నోరు వాసన వస్తోందో నువ్వు చూడకు, రోగం పేరు నువ్వు పెట్టకు. సెలవులు, ఆలస్యాలు, పనిలో తప్పులు రాసిపెట్టు. వాటి గురించే మాట్లాడు. సాయం దొరికే చోటికి పంపు. అలా చూడటం మొదలుపెట్టాక తాగుడు వెనకే అప్పులు, విడాకులు, బిడ్డ పోయిన దుఃఖం, మానసిక కుంగుబాటు అన్నీ బయటపడ్డాయి. ఈనాటి ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రాం, అందరూ ఈఏపీ అనేది, అలా తయారైంది.

ఇదే దారిలో వచ్చిన పైలట్ల ఏర్పాటు పేరు హిమ్స్. 1974లో పైలట్ల సంఘం ఆధ్వర్యంలో మొదలైంది. సాటి పైలటో, ఇంట్లోవాళ్ళో, తనంతట తానో చెబితే ముందు అతన్ని విమానం నుంచి దించుతారు. ఆసుపత్రిలో చికిత్స. తర్వాత ఏళ్ళ తరబడి చెప్పాపెట్టకుండా పరీక్షలు, ప్రత్యేక శిక్షణ ఉన్న డాక్టరు పర్యవేక్షణ, పక్కన ఓ కన్నేసి ఉంచే తోటి పైలటు. అన్నీ దాటితేనే మళ్ళీ మెడికల్ సర్టిఫికెట్. అలా వేలమంది కాక్‌పిట్‌లకు తిరిగి వచ్చారు. ఇందులో జాలి కంటే క్రమశిక్షణే ఎక్కువ. ఉద్యోగం తిరిగి దక్కుతుందన్న ఆశే మనిషిని ఆ కష్టం మీద నిలబెడుతుంది.

అరెస్టయ్యాకే ప్రౌస్ చికిత్సకు వెళ్ళాడు. అప్పుడు మానేసిన మందు మళ్ళీ ముట్టలేదు. అట్లాంటా ఫెడరల్ జైలు నుంచి బయటికి వచ్చేసరికి చేతిలో ఒక్క లైసెన్సూ లేదు. యాభై దాటిన మాజీ కెప్టెన్ చిన్న విమానంలో కుర్ర విద్యార్థిలా కూర్చుని ప్రైవేటు లైసెన్సు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పరీక్షా మళ్ళీ రాశాడు. 1993లో నార్త్‌వెస్ట్ అధిపతి జాన్ డాస్‌బర్గ్ అతన్ని తిరిగి తీసుకున్నారు. పత్రికల్లో అంత అల్లరైన మనిషిని వెనక్కి పిలవడానికి ఎంత గుండె కావాలి! 1998లో బోయింగ్ 747 కెప్టెన్‌గా రిటైరయ్యాడు. 2001 జనవరిలో అధ్యక్షుడు క్లింటన్ క్షమాభిక్ష పెట్టారు. ఆ అర్జీని సమర్థించిన వారిలో, అతన్ని జైలుకు పంపిన జడ్జి జేమ్స్ రోజెన్‌బామ్ కూడా ఉన్నారు.

మన ఆర్టీసీ డిపోల్లో డ్యూటీ ఎక్కే ముందు డ్రైవరు చేత గొట్టంలో ఊదిస్తారు. మంచిదే, ఊదించాలి. కానీ లైటు ఎర్రగా వెలిగిన ఆ మనిషి ఆ పూట ఇంటికెళ్ళి ఏం చేస్తాడు, ఎవరు పలకరిస్తారు అన్నది కూడా డిపో పట్టించుకోవాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళ సంగతి ఇంకో రకం. హెచ్1బీ వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే అరవై రోజుల గడువు. అందుకే ఆఫీసు ఇచ్చే సాయం అంటేనే భయం, మేనేజరుకు తెలిసిపోతుందేమోనని. ఈఏపీ కౌన్సెలరు మాత్రం సాధారణంగా బయటి సంస్థ మనిషి. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలు తప్పిస్తే, మీరు చెప్పింది మేనేజరుకు చేరవేయరు. మొదటి కొన్ని విడతలకు ఫీజు ఉండదు. చేరిన రోజు ఇచ్చిన బెనిఫిట్స్ కాగితాల్లో ఈఏపీ ఫోన్ నంబరు ఉంటుంది. చాలా కంపెనీల్లో ఆ సాయం ఉద్యోగి ఒక్కడికే కాదు, ఇంట్లోవాళ్ళకూ వర్తిస్తుంది. భర్త ఒప్పుకోకపోయినా భార్య ఫోన్ చేయవచ్చు.