ఓటు కోసం దిద్దిన అక్షరాలు



ఎన్నికల సంవత్సరం వచ్చిందంటే మన అమెరికా తెలుగు ఇళ్ళల్లో ఏ విందుకెళ్ళినా రాజకీయాలే. హైదరాబాదు, అమరావతి, వాషింగ్టన్ అన్నీ ఒకే బల్ల మీదికి వస్తాయి. మాట్లాడటంలో నేనూ ఎవరికీ తీసిపోను. కానీ పోయినసారి బ్యాలట్ చేతికొచ్చినప్పుడు పైనున్న రెండు మూడు పెద్ద పేర్లు తప్ప కింద ఉన్నవేవీ నాకు తెలియవు. స్కూల్ బోర్డుకి నిలబడ్డవాళ్ళలో పేరు బాగుందని ఒకాయనకి ఓటేసి వచ్చేశాను. "ఆయనకే ఎందుకు వేశావు నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. అది చదివేది ఆ బోర్డు నడిపే బడిలోనే. నా దగ్గర జవాబు లేదు.

ఆ మధ్య మారిషస్ చరిత్ర చదువుతుంటే ఆ ప్రశ్న మళ్ళీ గుర్తొచ్చింది. ఆ కథే ఈ రోజు మీతో చెప్పాలనుకున్నాను.

1834 నుంచి మారిషస్ చెరుకు తోటలకి మన దేశం నుంచి ఒప్పంద కూలీలని ఓడల్లో తీసుకెళ్ళారు. వాళ్ళలో మన గోదావరి తీరాన కోరంగి రేవు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళూ ఉన్నారు. అందుకే అక్కడ మనవాళ్ళకి 'కోరంగీలు' అనే పేరొచ్చింది. 1886లో ఆ ద్వీపంలో మొదటిసారి శాసనమండలికి ఎన్నికలు జరిగాయి. మూడున్నర లక్షలకి పైగా జనం ఉన్న చోట ఓటర్లు నాలుగు వేల చిల్లర. ఆస్తి, ఆదాయం ఉన్నవాళ్ళకే ఓటు. చెరుకు కొట్టేవాడికి ఆ ఊసే లేదు.

అరవై ఏళ్ళు అలాగే గడిచిపోయింది. 1947 చివర్లో బ్రిటిషువాళ్ళు కొత్త రాజ్యాంగం ఇచ్చారు. ఆడవాళ్ళకీ ఓటు వచ్చింది. ఆస్తి లేకపోయినా ఫరవాలేదు, ద్వీపంలో మాట్లాడే భాషల్లో ఏదో ఒకదానిలో చిన్న చిన్న వాక్యాలు చదివి, రాయగలిగితే చాలన్నారు. ఇంగ్లీషు, ఫ్రెంచి, హిందీ, తమిళం, ఉర్దూ వగైరాలతో పాటు ఆ జాబితాలో తెలుగు కూడా ఉంది! అంటే ఓనమాలు వచ్చిన తెలుగు కూలీకి ఆ ఓనమాలే ఓటు తెచ్చిపెట్టాయి.

అయితే చాలామందికి ఏ భాషలోనూ అక్షరం రాదు. అప్పుడు బాసుదేవ్ బిసున్‌దయాళ్ నడిపిన 'జన ఆందోళన్' ఉద్యమం వాలంటీర్లు ఊరూరా తిరిగి జనానికి చదవడం, రాయడం నేర్పారు. పగలంతా తోటలో ఒళ్ళు వంచి పని చేసినవాళ్ళు పలకా బలపం పట్టారు. పన్నెండు వేల లోపున్న ఓటర్ల సంఖ్య 70 వేలు దాటింది. 1948 ఆగస్టులో ఎన్నికలు జరిగితే 19 స్థానాల్లో సగానికి పైగా భారతీయ సంతతివాళ్ళే గెలిచారు.

దాంతో కథ సుఖాంతం కాలేదు. గవర్నరు నామినేట్ చేసిన పన్నెండు మంది కూడా అదే మండలిలో కూర్చున్నారు. చదువుతో పని లేకుండా వయోజనులందరికీ ఓటు దక్కేసరికి 1959 అయింది. 1967 ఎన్నికల్లో స్వాతంత్ర్యం కావాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న. దాదాపు తొంభై శాతం మంది ఓటేశారు. కావాలన్న పక్షం గెలిచింది గానీ, వద్దన్నవాళ్ళూ నూటికి నలభై మందికి పైనే. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. ఆ తర్వాత 1971లో ఎమర్జెన్సీ పెట్టారు. 1972లో జరగాల్సిన ఎన్నికలని వాయిదా వేశారు. మళ్ళీ జనం ఓటు వేసింది 1976 డిసెంబరులోనే. అంత కష్టపడి సంపాదించిన ఓటు కూడా తొమ్మిదేళ్ళు పెట్టెలోనే ఉండిపోయింది.

అక్షరాస్యత పరీక్ష మంచిదని నేననను. చదువు రానివాడికీ తన కష్టసుఖాలు తెలుసు, వాడికీ ఓటు ఉండి తీరాలి. నా బాధల్లా వేరే. వాళ్ళు ఓటు కోసం చదవడం నేర్చుకున్నారు. మనకి పెద్ద పెద్ద డిగ్రీలున్నాయి, కానీ ఓటేసే ముందు ఆ ఒక్క కాగితం చదవం.

అందుకని మా ఇంట్లో ఈసారి ఒక ఏర్పాటు చేసుకున్నాం. కౌంటీ ఎన్నికల ఆఫీసు వెబ్‌సైటులో నమూనా బ్యాలట్ దొరుకుతుంది. దాన్ని ప్రింటు తీసి, ఒక ఆదివారం సాయంత్రం అందరం కూర్చుంటాం. కింది వరుసలో ఉన్న పేర్లు తలా కొన్ని పంచుకుని, ఆ మనిషి ఏం చేశాడు, ఏం చేస్తానంటున్నాడు అని తెలుసుకుని మిగతావాళ్ళకి చెప్పాలి. చివరికి నేనూ మా ఆవిడా చెరొకరికి ఓటేసినా గొడవ లేదు. ఎందుకు వేశామో పిల్లలకి చెప్పగలిగితే చాలు.

వీసా మీద, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళు ఇక్కడ జాతీయ, రాష్ట్ర ఎన్నికల్లో ఓటు వెయ్యకూడదు, అందులో పొరపాటు పడకండి. కానీ స్కూల్ బోర్డు సమావేశానికి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.

మా అమ్మాయి ప్రశ్నకి ఈసారి జవాబు చెప్పగలననే అనుకుంటున్నాను. మీ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడక్కపోతే, మీరే అడగండి.