ఇంటర్నెట్ ఒక్కటే.. రూల్స్ మాత్రం ఐదు! ఐపీ అడ్రస్‌లు చేతులు మారాలంటే ఇన్ని చిక్కులా?

ఫోన్‌లో మీరు చూసే ఏ వీడియో అయినా మీదాకా రావాలంటే ఒక ఐపీ అడ్రస్ ఉండాల్సిందే. పాత విధానమైన ఐపీవీ4లో ఉన్నవి దాదాపు 429 కోట్లే. పంచిపెట్టే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3నే ఖాళీ అయిపోయింది. ఆ తర్వాత క్రమంగా కొత్తవారికి ప్రధాన దారి.. ఉన్నవాళ్ల దగ్గర కొనుక్కోవడమే అయింది. దివాలా తీసిన నార్టెల్ నుంచి 2011లోనే మైక్రోసాఫ్ట్ 6,66,624 అడ్రస్‌లను 75 లక్షల డాలర్లకు కొనేసింది.

ఎవరి రూల్ వాళ్లదే

అడ్రస్ ఎవరి పేరు మీద ఉందో రాసిపెట్టే రిజిస్ట్రీలు ప్రపంచంలో ఐదు ఉన్నాయి. బదిలీ నిబంధనలను ఏ ప్రాంతానికి ఆ ప్రాంతమే రాసుకుంటుంది.

* ఏరిన్ (ఉత్తర అమెరికా): కొనేవాళ్లు రాబోయే 24 నెలల అవసరాన్ని చూపించాలి.
* ఏపీనిక్ (ఆసియా-పసిఫిక్): ఇక్కడా అవసరం చూపించాలి. 103తో మొదలయ్యే అడ్రస్‌లను కేటాయించిన ఐదేళ్ల దాకా అమ్మకూడదు. మన దేశం దీని పరిధిలోనే ఉంది.
* రైప్ ఎన్‌సీసీ (యూరప్, పశ్చిమాసియా): సొంత ప్రాంతంలో అవసరం ఎంతని అడగదు.
* లాక్‌నిక్ (లాటిన్ అమెరికా): బయటి ప్రాంతాలకు 2020లో తలుపులు తెరిచింది.
* ఆఫ్రినిక్ (ఆఫ్రికా): బయటి ప్రాంతాలతో బదిలీలకు ఏళ్ల తరబడి దారి ఇవ్వలేదు.

అందరికీ ఒకే రూల్ పెట్టొచ్చు కదా?

చెప్పినంత ఈజీ కాదు. గ్లోబల్ పాలసీ కావాలంటే ఐదు ప్రాంతాలూ ఒకే మాట మీదకు రావాలి, ఆపై ఐకాన్ ఆమోదించాలి. కానీ ప్రయోజనాలు వేరు. తలుపులు బార్లా తెరిస్తే డబ్బున్న కంపెనీలు తమ వాటా ఊడ్చుకుపోతాయని ఆఫ్రికాలో చాలామంది భయం. మూసేస్తే వ్యవహారం దొడ్డిదారిన అద్దెలకు మళ్లుతుందని అవతలివాళ్ల వాదన.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఒకే చట్టం లేకపోయినా సరుకు ఎక్కువున్నవాళ్ల మాటే చెల్లుతోంది. అవసరం అడగని ప్రాంతానికి ఏరిన్ అడ్రస్‌లు పంపదు. అందుకే రైప్ తన పద్ధతి మార్చుకోవాల్సి వచ్చింది. అమెరికా నుంచి తెచ్చుకునే అడ్రస్‌లలో కనీసం సగం ఐదేళ్లలో వాడతామని ప్లాన్ చూపించాలన్న షరతు పెట్టింది.

మనకేంటి?

2019 నుంచి ఏపీనిక్ పరిధిలో కొత్త సంస్థకు దక్కేది గరిష్ఠంగా 512 అడ్రస్‌లే. మిగతావి కొనలేని చిన్న బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ ఒకే అడ్రస్‌ను చాలా ఇళ్లకు పంచుతుంది. ఊరెళ్లినప్పుడు ఇంటి సీసీ కెమెరా నేరుగా ఓపెన్ కాకపోవడం, 'మీరు రోబోనా?' అని వెబ్‌సైట్లు పదేపదే అడగడం వెనక ఇదీ ఒక కారణం కావొచ్చు. అడ్రస్‌ల కొరతే లేని ఐపీవీ6కి అందరూ మారేదాకా ఈ తిప్పలు తప్పవు.